అవతలి కొసన ఎవరు

1974 జనవరి 28, సోమవారం

పొద్దున నా డ్యూటీలోనే సముద్రం అడుగు కేబుల్ చచ్చిపోయింది. కప్పులో కాఫీ ఇంకా చల్లారలేదు. మీటరు ముల్లు ఒక్కసారి వణికి అడుక్కి పడిపోయింది, మళ్లీ లేవలేదు. ఎవడో పెద్ద వల ఈడ్చుకుంటూ పోయి ఉంటాడు. కాడ్ చేపల కాలం మొదలైతే ఏటా ఇదే తంతు. పైన చేప కనబడితే చాలు, కింద ఏముందో వీళ్లకి గుర్తుండదు.

కొలతలు తీసి, తెగిన చోటు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టి ఇచ్చాను. లెఫ్టినెంట్ బ్రెక్కె ఆ లెక్కంతా మళ్లీ తనే చేసి, అదే జవాబు వచ్చాక నావైపు చూసి నవ్వాడు. ఈ స్టేషన్‌కి వచ్చి రెండేళ్లయినా ప్రతిసారీ అలాగే సరిచూస్తాడు. నేనేం మనసులో పెట్టుకోను.

మరమ్మతుకి కేబుల్ ఓడ సీగ్రున్ రేపు బయల్దేరుతుందట. దానికిదే ఆఖరి పని. ఏప్రిల్‌లో నౌకాదళం జెండా దించేసి పాత ఇనుము కింద తోసేస్తారు.

ఓడ వస్తోందంటే అందులో అతుకుల మేస్త్రీ కూడా ఉంటాడు. ఉంటే ఉండనీ. తెగిన కేబుల్‌కి సముద్రంలో ఒక కొసన హాల్వార్డ్, గట్టు మీద ఇంకో కొసన నేను. పెళ్లికి ముందు నుంచీ పని ఇలాగే నడుస్తోంది. దానికి మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటూ ఉండాలని రూలేమీ లేదు.

జనవరి 29

మధ్యాహ్నం సీగ్రున్ మా ఊరి ముందు నుంచే వెళ్లింది. ముక్కు దగ్గర రెండు పెద్ద కప్పీలతో, పళ్లూడిన ముసలమ్మ గడ్డం ముందుకు చాపినట్టు ఉంటుంది. నేను కిటికీ కర్టెన్లు సర్దుతుంటే కంటబడింది.

సాయంత్రం రొట్టె కోసం కొట్టుకి వెళ్తే ఎల్డ్‌బ్యోర్గ్ పట్టుకుంది. హాల్వార్డ్ చెల్లెలు. కొట్టూ తనదే, పోస్టాఫీసూ తనదే, ఊళ్లో నోరూ తనదే.

"వదినా, మా అన్నయ్య డెక్కు మీద నించుని టోపీ తీశాడు. మీ ఇంటివైపే తీశాడు. ఓ చెయ్యి ఊపితే నీ సొమ్మేం పోయేది?"

"కర్టెన్లు సర్దుకుంటున్నాను."

"నవంబరు నుంచీ సర్దుతూనే ఉన్నావు. అవి కర్టెన్లా, ఓడ తెరచాపలా?"

రొట్టె తీసుకుని వచ్చేశాను.

నవంబరులో జరిగింది నా డైరీలో నేను రాసుకోవాల్సిన పని లేదు. అయినా రాస్తాను, తప్పెవరిదో మరిచిపోకుండా. ఓడ పని అయిపోయాక ఇంటిపట్టున ఉంటానన్నాడు. పడవల షెడ్డుకి ఇద్దరం కలిసి రంగు కూడా వేశాం. ఆ రంగు ఆరకముందే బెర్గెన్‌లో కొత్త ఓడకి సంతకం పెట్టేశాడు, కుర్రకారుకి అతుకులు నేర్పడానికి. అయిదేళ్లు! ఆ సంగతి నాకు చెప్పింది ఆ మనిషి కాదు. కొట్టులో వరసలో నించున్నప్పుడు నా ముందావిడ నా వెనకావిడతో చెబుతుంటే విన్నాను.

ఇంటికొచ్చి అన్నాను: "వెళ్లు. బెర్గెన్‌కే వెళ్లు. నువ్వు నా తలుపు తట్టిన చప్పుడు మళ్లీ నా చెవిన పడకూడదు." టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచీ పట్నం రేవులో, ఓడలోనే పడక.

ఒక మాట అంటే ఆ మనిషి దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటాడు. అతుకుల పనికి అది మంచి గుణమే. కాపురానికి కాదు.

జనవరి 30

బ్రెక్కె నా బల్ల దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "గున్వోర్ గారూ, సీగ్రున్ చేసిన సేవల గురించి ఒక పేజీ రాసి పంపమంటున్నారు. వీడ్కోలు రోజున చదువుతారట. ఇక్కడ అందరికన్నా పాతవారు మీరే కదా."

"ఏమేం రాయొచ్చు?"

"రహస్యం కానివన్నీ."

"అంటే ఓడ రంగా?"

కాసేపు నిజంగానే ఆలోచించాడు. "రంగు రాయొచ్చు."

ఆయన అడిగిన పేజీలో రాయలేనివి ఇక్కడ రాసుకుంటాను. సీగ్రున్‌ని కట్టించింది మనవాళ్లు కాదు, యుద్ధంలో జర్మన్లు. మన రేవులోనే, మనవాళ్ల చేతే కట్టించారు, రేవులకి అడ్డంగా ఇనుప వలలు కట్టడానికి. మనవాళ్లు ఎంత నిదానంగా కట్టారంటే, ఓడ నీళ్లలోకి దిగేసరికి యుద్ధం సగం అయిపోయింది. వాళ్లు ఓడిపోయి వెళ్లాక నౌకాదళం ఎక్కి చూస్తే లోపల ఎవరూ లేరు, వంటగదిలో కోళ్లు మాత్రం ఉన్నాయి. ఆ కోళ్లని ఏ ఖాతాలో చూపించాలో తెలియక వండుకు తిన్నారట. తర్వాత ముక్కుకి కప్పీలు బిగించి, కడుపులో గుండ్రటి తొట్లు పెట్టి, కేబుల్ ఓడని చేశారు.

ఇంతవరకూ రహస్యమేమీ లేదనుకుంటాను. కోళ్లు తప్ప.

జనవరి 31

గాలి.

ఫిబ్రవరి 1, శుక్రవారం

గాలి ఉన్నా పని చేయలేనంత కాదు. ఈపాటికి గాలం వేసి ఉంటారు. తాడుకి కట్టిన ఇనుప గాలాన్ని సముద్రం అడుగున మెల్లగా ఈడ్చుకుంటూ పోయి, కేబుల్ తగిలితే పైకి లాగుతారు. ముందు సముద్రంవైపు కొస పట్టుకుని, పరీక్ష చేసి, తేలే పీపాకి కట్టి వదులుతారు. తర్వాత గట్టువైపు కొస కోసం వెతుకుతారు. అది దొరికినప్పుడే మాకు తెలిసేది.

అంతవరకూ ఏమీ తెలియదు. ఈ పని మీద ఉన్నంతసేపూ సీగ్రున్ రేడియో ముట్టుకోదు. ఎక్కణ్నుంచి మాట్లాడితే అక్కడే కేబుల్ ఉందని, అది ఎవరి జలాంతర్గాముల చప్పుడు వింటోందో ఆ అవతలివాళ్లకే చెప్పినట్టు. ఆ అవతలివాళ్లు చేపల పడవ వేషంలో మన దగ్గర్లోనే తిరుగుతుంటారు. ఆ పడవకి వలలకన్నా రేడియో స్తంభాలు ఎక్కువని మా ఊళ్లో బడిపిల్లలకి కూడా తెలుసు.

గట్టువైపు కొస చేతికి రాగానే అతుకుల మేస్త్రీ రాగి తీగని శుభ్రం చేసి, కత్తి ఆనించి, ఓడ ఇనుముకి తాకిస్తాడు. ఇక్కడ నా ముల్లు గెంతుతుంది. అదే పలకరింపు. ఆ మొదటి తట్టు పెద్ద మేస్త్రీదే. ఆయన ఓడలో ఉండగా ఆ కత్తిని ఇంకెవరూ ముట్టుకోరు, కెప్టెనయినా సరే. ఇది ఎక్కడా రాసిలేని కట్టుబాటు, కానీ ఎవరూ దాటగా చూడలేదు.

ఒక్కో మేస్త్రీకి ఒక్కో చెయ్యి. హాల్వార్డ్‌ది నిదానం. రెండు తట్లు, ఆగడం, ఇంకొకటి. మా ఇంటి తలుపు కూడా అలాగే తడతాడు, సొంత ఇల్లయినా సరే. పెళ్లికి ముందు, మనిషిని చూడకముందే ఆ తట్టు నాకు తెలుసు. మూడో దానికోసం ఎదురుచూడటం అలవాటయ్యాకే ఆ మనిషి ఎలా ఉంటాడో చూశాను.

ఈసారి తట్టినా అది పరీక్ష కిందే రాసుకుంటాను. అంతకుమించి ఏం లేదు.

ఫిబ్రవరి 2

ఓడ పేజీ సగం రాశాను. బ్రెక్కె చదివి సగంలో సగం కొట్టేశాడు. కొట్టేసిన వాటిలో పరాయి కేబుల్ కథ ఒకటి.

నాకు జుట్టు నెరవకముందు సంగతి. సీగ్రున్ గాలానికి బరువైన కేబుల్ తగిలింది. లాగి చూస్తే మనది కాదు. అంత లావు, అంత నున్నటి తారు పూత మన దేశంలో ఎవరూ చూడలేదు. డెక్కు మీద అందరూ చుట్టూ నించుని చూశారట, ఎవరి పెళ్లికూతురో పొరపాటున తమ ఇంటికి వచ్చినట్టు. అది ఎవరిదని అడగడానికి వీల్లేదు. అడిగితే, మీరక్కడ ఏం చేస్తున్నారని వాళ్లడుగుతారు. కెప్టెన్ టోపీ తీసి, "మెల్లగా దించండి, నిద్ర లేవకూడదు" అన్నాడట. ఎక్కడ తీశారో అక్కడే పడుకోబెట్టి వచ్చేశారు. హాల్వార్డ్ ఆ మాట చెబుతూ ఎన్నిసార్లు నవ్వాడో! మా వంటింటి బల్ల కొట్టి కొట్టి నవ్వేవాడు.

పేజీలో దీని బదులు "ఓడ వివిధ పనుల్లో పాల్గొంది" అని ఉంది.

ఫిబ్రవరి 3, ఆదివారం

గాలి వాయవ్యానికి తిరిగింది. రెండోసారి కర్టెన్లు ఉతికాను.

ఫిబ్రవరి 4

తుఫాను. పడవల షెడ్డు తలుపు ఎగిరిపోయింది. చేపల పడవలన్నీ వెనక్కొచ్చి రేవులో ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. టోర్లీఫ్ నా తర్వాతి డ్యూటీకి వంగి వంగి నడుచుకుంటూ వచ్చాడు. ఈ పరీక్ష గదిలో నాకు తోడు టోర్లీఫే. తోడు అంటే, వచ్చి నా బిస్కట్లు తింటాడు.

"ముసలమ్మకి ఇలాంటివి కొత్తా?" అన్నాడు. "ఈపాటికి ఏ దీవి చాటునో దూరి పేకాడుతుంటారు."

"నేనేం అడగలేదు."

"నేనూ నీకు చెప్పలేదు. బిస్కట్‌తో మాట్లాడుతున్నా."

మంచివాడే. నాకేం కంగారు లేదు. సీగ్రున్ ఇంతకన్నా పెద్దవి చూసింది. ఒక చలికాలం కప్పీలు గడ్డకట్టుకుపోయి తిరగకపోతే, వంటవాడు పెద్ద గిన్నెడు వేడి బఠానీల పులుసు తెచ్చి వాటి మీద పోశాడు. కప్పీలు తిరిగాయి, పని అయింది, ఆ పూట అందరూ పస్తున్నారు. కేబుల్‌కి పట్టిన పులుసు వాసనకి చేపలు వచ్చాయని హాల్వార్డ్ అనేవాడు. ఆయన చెప్పేవాటిలో సగం తీసెయ్యాలి.

స్వెటర్ చెయ్యి అల్లుతున్నాను. ఎవరికని కాదు. ఊలు ఉంది కాబట్టి.

ఫిబ్రవరి 5, మంగళవారం

మా ఊరి జాలరి ఆర్న్ట్ తన పడవ వెనక కట్టుకుని ఒక చిన్న పడవని లాక్కొచ్చాడు. దీవుల బయట తలకిందులుగా తేలుతుంటే దొరికిందట. దాని పక్కన తెల్లరంగుతో సీగ్రున్ అని ఉంది.

చూడ్డానికి ఊరంతా రేవులోకి వచ్చింది. నేను వచ్చేసరికి పక్కకి జరిగి దారిచ్చారు. ఆ దారివ్వడం నాకు నచ్చలేదు.

ఒక తెడ్డు ఇంకా దానికే కట్టి ఉంది. రెండోది లేదు.

ఫిబ్రవరి 6

అల్లిన చెయ్యి చాలా పొడుగైపోయింది. మనిషి చెయ్యి అంత ఉండదు. విప్పేశాను.

బ్రెక్కె నౌకాదళానికి ఫోన్ చేశాడు. వార్త లేదన్నారు. ఉండి చెప్పడం లేదా, నిజంగానే లేదా అని అడిగాను. "నాకూ తెలీదండీ" అన్నాడు. మొదటిసారి ఆ కుర్రవాడి మొహం నేరుగా చూశాను. రాత్రి పడుకున్నట్టు లేడు.

ఎల్డ్‌బ్యోర్గ్ కొట్టు మధ్యాహ్నమే మూసేసి మా ఇంటికొచ్చింది. ఆవిడ కొట్టు మూయడం రాజుగారు చనిపోయినప్పుడు చూశాను, మళ్లీ ఇవాళ. బల్ల ముందు కూచుని కాఫీ చల్లార్చుకుంది, తాగలేదు.

"వదినా, తలుపు తట్టొద్దన్నావటగా."

"ఎవరు చెప్పారు?"

"అన్నయ్యే. కొట్టుకొచ్చి చెప్పాడు. కోపంగా కాదు. గున్వోర్ అలా అంది, మరి నేనేం చెయ్యను అని నన్నడిగాడు. దిక్కుతోచని మొహం పెట్టుకుని."

"నువ్వేమన్నావు?"

"నీ ఖర్మ అన్నాను. ఇంకేమంటాను? బెర్గెన్ సంగతి ముందు పెళ్లానికి చెప్పాలిగా, సన్నాసి."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరం నవ్వలేదు.

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనాలి గానీ ఆ మాట కాదు. వేరే ఏదైనా అనాల్సింది. ఆ మనిషి సముద్రంలోకి పోతాడని తెలిసి కూడా నేను చివరిగా అన్న మాట అదేనా? నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. ఇక్కడ రాసుకుంటే తప్పేంటి, ఎవరు చూస్తారు?

ఫిబ్రవరి 7

గాలి తగ్గింది. ముల్లు కదల్లేదు.

ఫిబ్రవరి 8, శుక్రవారం

మొత్తం రాయాలి.

పొద్దున డ్యూటీ నాదే. టోర్లీఫ్ తన వంతు అయిపోయినా ఇంటికి వెళ్లకుండా బల్ల చివర కూచున్నాడు. బ్రెక్కె కిటికీ దగ్గర ఉన్నాడు. బయట ఎండ. చలికాలమంతా కొండ వెనకే ఉన్న సూర్యుడు ఈ ఏడాది మొదటిసారి పూర్తిగా పైకి వచ్చాడు. ముల్లు అడుగున చచ్చి పడి ఉంది.

గెంతింది.

టోర్లీఫ్ కుర్చీ వెనక్కి పడిపోయింది. "దొరికింది! కొస దొరికింది! ఉన్నారు!" అని అరిచాడు. బ్రెక్కె వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వేశాక, వేసినందుకు సిగ్గుపడి తీసేశాడు.

నేను ముల్లునే చూస్తున్నాను. గబగబా, గబగబా, కోడి గింజలు పొడిచినట్టు. ఆగకుండా అలా పొడుస్తూనే ఉంది. రెండు తట్లు, ఆగడం, ఇంకొకటి కాదు. ఆ చెయ్యి కాదు. స్వెర్రె చెయ్యి అది. హాల్వార్డ్ కింద పనిచేసే చిన్న మేస్త్రీ.

పెద్ద మేస్త్రీ ఓడలో ఉండగా ఆ కత్తిని ఇంకెవరూ ముట్టుకోరు.

మిగతావాళ్లు నవ్వుతున్నారు. వాళ్లకి చేతులు తెలియవు. ముల్లు కదిలితే చాలు, ఓడ ఉన్నట్టే. ఓడ ఉంది.

తర్వాత వాళ్లు తీగకి ఫోన్ కలిపారు. ఈ లైన్ మీద సొంత మాటలు కూడదు. అంకెలు, పరీక్షలు, అంతే. ప్రతి మాటా టేపు మీదకెక్కి హెడ్డాఫీసుకి పోతుంది.

"స్టేషన్, సీగ్రున్ మాట్లాడుతోంది. వినబడుతోందా?" స్వెర్రె గొంతే.

"వినబడుతోంది" అన్నాను. రాగి కొలత అడిగాను, చెప్పాడు. పూత కొలత అడిగాను, చెప్పాడు. రాసుకున్నాను. అన్నీ సరిగ్గానే రాసుకున్నాను, ఇప్పుడే చూశాను. నా గొంతు మామూలుగానే ఉందని టోర్లీఫ్ అంటున్నాడు.

తర్వాత అడగాల్సిన అంకె అడగలేకపోయాను.

"స్వెర్రె, కత్తి నీ చేతిలో ఎందుకుంది?"

బ్రెక్కె రెండో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నాడు. "గున్వోర్ గారూ, లైన్ మీద సొంత మాటలు..." అన్నాడు. నేను చెయ్యి అడ్డంపెట్టాను. ఆఫీసరుకి!

అవతల హోరు. "అదీ... పెద్దాయన..." అన్నాడు స్వెర్రె. మళ్లీ హోరు.

"చెప్పు నాయనా. ఉన్నది చెప్పు. తట్టుకుంటాను."

"ఉన్నాడక్కా. ఇక్కడే బకెట్ బోర్లించుకుని కూచున్నాడు. కానీ..."

"కానీ?"

"కత్తి పట్టనంటున్నాడు. ఆ తట్టు మళ్లీ మీ చెవిన పడకూడదన్నారట కదా. గున్వోర్ వద్దంది, నువ్వే తట్టు అని నాకిచ్చాడు. మేమంతా చెప్పి చూశాం. కెప్టెన్ కూడా చెప్పాడు. వినడం లేదు."

నేను ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. టోర్లీఫ్ చెబితే రాస్తున్నాను. లేచి నించున్నానట. బల్ల మీద అరచేత్తో కొట్టానట. కాఫీ ఒలికి నా కొలతల కాగితం మీద పడిందట.

"ఆ మనిషికి ఫోనియ్యి!"

"రానంటున్నాడక్కా..."

"ఫోను చెవికి కట్టు! తాడు పెట్టి కట్టు! హాల్వార్డ్! మీ పడవ ఇక్కడ బోర్లా పడి తేలింది. నాలుగు రోజులుగా ఊరంతా నన్ను చూసి దారిస్తోంది. నీ చెల్లెలు కొట్టు మూసింది. వింటున్నావా, మొండి ఎద్దూ? కొట్టు మూసింది! నేను తలుపన్నాను, కేబుల్ అనలేదు! తలుపుకీ కేబుల్‌కీ తేడా తెలియనివాడివి, నువ్వు పిల్లలకి అతుకులు నేర్పుతావా?"

హోరు. తర్వాత ఆ గొంతు, చలికి బొంగురుపోయి.

"ఏమే, ఎందుకలా అరుస్తావు? ఇది సర్కారు లైను."

"బతికున్నావా?"

"ఉన్నాను."

"మొత్తంగానా?"

"మొత్తంగానే. అల వచ్చి పడవని ఎత్తుకుపోయింది, దాంట్లో ఎవరూ లేరు. స్వెర్రె టోపీ కూడా పోయింది. అంతే." మళ్లీ తనే, "పడవ దొరికిందా? బాగుందా?" అన్నాడు.

పడవ బాగుందా అట! నేను ఏడుస్తున్నాను, ఆ మనిషి పడవ క్షేమం అడుగుతున్నాడు.

"హాల్వార్డ్, అప్పుడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. విన్నావా? తట్టు. ఇప్పుడే తట్టు."

"స్వెర్రె తట్టాడు కదా. పరీక్షకి ఒకసారి చాలు."

"తట్టు!"

ఫోన్ తీసిన చప్పుడు. ముల్లు కదిలింది. ఒకటి. రెండు. ఆగింది. నేను ఊపిరి బిగబట్టి కూచున్నాను. మూడోది.

బ్రెక్కె కిటికీవైపు తిరిగి ఎండని చూస్తున్నాడు, ఎప్పుడూ ఎండ ఎరగనివాడిలా. టోర్లీఫ్ నా బిస్కట్లన్నీ తినేశాడు. కాసేపటికి బ్రెక్కె అటే తిరిగి ఉండి అన్నాడు: "మీకు వీలున్నప్పుడు, మిగిలిన ఒక్క అంకె కూడా అడిగితే బాగుంటుందండీ."

అడిగాను. చెప్పాడు. కేబుల్ బాగుంది.

ఫిబ్రవరి 9

మధ్యాహ్నానికి అతుకు అయిపోయింది. కేబుల్ అడుక్కి దించారు. ముల్లు లేచి తన చోట నించుంది, ఏమీ జరగనట్టు.

హెడ్డాఫీసు నుంచి అడుగుతారని, చివాట్లు పడతాయని సిద్ధపడే వెళ్లాను. ఉద్యోగం పోయినా పర్వాలేదని ఇంట్లో అనుకున్నాను, దారిలో అనుకోలేదు. బ్రెక్కె తన నివేదిక నా ముందు పెట్టాడు. "పెద్ద గొంతుతో మాట్లాడి లైన్ స్పష్టతని పరీక్షించాం. అవతలి కొస నుంచి పూర్తి సమాధానం అందింది" అని ఉంది.

"ఇలాంటి పరీక్ష ఉందా లెఫ్టినెంట్ గారూ?"

"నిన్నటినుంచీ ఉందండీ."

ఈ కుర్రవాణ్ని రెండేళ్లుగా తప్పుగా చూశాను. మరీ ఎక్కువ తప్పుగా కాదు, కొంచెం.

ఫిబ్రవరి 11, సోమవారం

ఓడ పేజీ పూర్తిచేశాను. కోళ్లు లేవు, పులుసు లేదు, పరాయి కేబుల్ లేదు. ఎక్కడ వేశారో, ఏం విన్నారో, ఎవరి కోసమో, ఏదీ లేదు. కట్టిన ఏడు, పొడవు, రంగు మిగిలాయి. చదువుకుంటే ఒక డబ్బా గురించి రాసినట్టుంది. ఇన్నేళ్లు చలిలో నించుని, కేబుల్ అంటుకోకుండా సున్నం నీళ్లు చల్లిన తొట్లలో గుండ్రంగా నడుస్తూ కేబుల్ చుట్టలు పేర్చిన మనుషులు వీడ్కోలు రోజున వరసగా నించుని ఇది వినాలా?

చివర ఒక వాక్యం కలిపాను. "ఈ ఓడ ఎక్కిన ప్రతి మనిషీ ప్రతిసారీ క్షేమంగా దిగాడు." బ్రెక్కె పెన్ను పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది రహస్యమా?" అని అడిగాను.

"కాదు" అన్నాడు. పెన్ను మూత పెట్టేశాడు.

ఫిబ్రవరి 12, మంగళవారం

సీగ్రున్ వచ్చింది. సొంత రేవుకి పోతూ పడవ కోసమని మా ఊరి దగ్గర ఆగింది. చేపలు కొనడానికని నేనూ రేవులోకి వెళ్లాను. చేతిలో సంచి లేదని ఎల్డ్‌బ్యోర్గ్ అందరి ముందూ అనాల్సిన అవసరం లేదు.

ముసలమ్మ ఒక పక్క కమ్మీలు వంగిపోయి, వంటగది పొగగొట్టం వంకరై వచ్చింది. మిగతాదంతా అలాగే ఉంది. మనుషులు ఒక్కొక్కరే దిగారు. నేను లెక్కపెట్టలేదు. ఎల్డ్‌బ్యోర్గ్ లెక్కపెట్టింది, వేళ్లు మడిచి, పెదవులు కదుపుతూ. స్వెర్రె కొత్త టోపీ అడగడానికి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లాడు.

హాల్వార్డ్ అందరికన్నా ఆఖర్న దిగాడు. మోకాళ్ల వరకూ సున్నం. నా ముందుకొచ్చి నించుని టోపీ తీశాడు. నేను చెయ్యి ఊపాల్సినంత దూరంలో లేడు, అయినా ఊపాను. బుద్ధి లేకపోతే సరి.

"చిక్కిపోయావు" అన్నాడు.

"నువ్వు కంపుకొడుతున్నావు" అన్నాను.

కలిసి ఇంటికి నడిచాం. ఎవరూ దారివ్వలేదు, ఎవరి పనిలో వాళ్లున్నారు. అందుకు ఊరందరికీ దణ్ణం పెట్టాలనిపించింది. కాడ్ చేప ఉడకబెట్టి, పక్కన దాని కాలేయం, గుడ్లు పెట్టాను. గిన్నె ఖాళీ చేశాడు. తిన్నాక బెర్గెన్ సంగతి ఎత్తడానికి నోరు తెరిచాడు.

"నీకు ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"అవును" అన్నాను.

"ఇంకా సంతకం వెనక్కి తీసుకోవచ్చట. లేకపోతే ఇద్దరికీ ఇల్లిస్తారట. కిటికీలోంచి రేవు కనబడుతుందన్నారు. నువ్వెలాగంటే అలా." అలా చెబుతూ చెబుతూనే వంటింటి బెంచీ మీదకి ఒరిగిపోయాడు. నేను జవాబు చెప్పేలోపే నిద్ర.

ఇప్పుడు బయట ఇంకా వెలుతురుంది. పాదాలు బెంచీ దాటి బయటికొచ్చాయి, మేజోళ్ల నిండా సున్నం, రేపు నేనే ఉతకాలి. గురక కప్పీల చప్పుడులా ఉంది. బెర్గెన్‌కి వెళ్తానో లేదో నాకే తెలియదు. వెళ్లనని నవంబరులో అంత గట్టిగా ఎలా అనుకున్నానో కూడా తెలియడం లేదు. ఆ ఇంటి కిటికీ ఎటువైపో, వంటిల్లు ఎంతుందో అడగాలి. అయిదేళ్లంటే అయిదేళ్లేనా, వీళ్ల మాట నమ్మొచ్చా, అది కూడా అడగాలి. సంతకానికి ముందు అడగనందుకు ఇంకోసారి తిట్టాలి, మొన్నటిది సర్కారు లైను కాబట్టి సగమే తిట్టాను.

లేవగానే మొదలుపెడతాను. నిద్ర మాత్రం చాలా గాఢంగా పోతున్నాడు. ఇంకాసేపు పోనీ.